పాత మడత తెరను కొని ఇంట్లో నిలబెట్టడం ఎలా?

ఆసుపత్రి వార్డులో మంచం పక్కన ఆకుపచ్చ గుడ్డతో నిలబెట్టే మడత తెర అందరికీ తెలిసిందే. దానికి మేకు లేదు, గోడ ఆసరా లేదు. రెక్కలు వంకరటింకరగా నిలవడమే దాని బలం. నగిషీ చెక్కిన పాత చెక్క తెర హాల్లో నిలబడేదీ ఆ బలంతోనే. అందుకే కొనేటప్పుడు నగిషీ కంటే ముందు రెక్కల్ని కలిపే బందులు చూడాలి. శుభ్రం చేసేటప్పుడు మెరుపు కోసం కాక పాత పూత నిలవడం కోసం చూడాలి. మనం డబ్బు పెట్టేది ఆ పూతకు పట్టిన వయసుకే.

మన దగ్గర పాత సామాన్ల దుకాణాల్లో ఎక్కువగా కనిపించేవి ఉత్తరప్రదేశ్‌లోని సహారన్‌పూర్ తరహా తెరలు. శీషం కర్ర, జాలీ పని, కొన్నింటిలో పొదిగిన ఇత్తడి. సాధారణంగా మూడు లేదా నాలుగు రెక్కలుంటాయి. కింద చెప్పేదంతా వీటి గురించే. జపాన్, చైనా తెరల సంగతి వేరు, వాటి దగ్గరికి తర్వాత వద్దాం.

1. ముందు చోటు కొలవండి

రెక్కల వెడల్పులన్నీ కూడితే వచ్చే కొలత ఇంట్లో దొరకదు. 20 అంగుళాల రెక్కలు నాలుగుంటే మొత్తం 80 అంగుళాలు. రెక్కకూ రెక్కకూ మధ్య 90 డిగ్రీల కోణం ఉంచితే అది దాదాపు 57 అంగుళాలే కప్పుతుంది, నేల మీద 14 అంగుళాల లోతు తీసుకుంటుంది. 120 డిగ్రీలకు తెరిస్తే 69 అంగుళాలు కప్పుతుంది, లోతు 10 అంగుళాలకు తగ్గుతుంది. అంతకు మించి తెరవకండి. ఆరడుగుల తెరను గోడలా చాపితే కాలు తగిలినా పడిపోతుంది. సుతిలి తాడుతో నేల మీద ఆ వంకర గీతను పరిచి, దాన్ని దాటి నడిచి చూసుకుంటే దుకాణంలో తప్పు లెక్క వేయరు.

2. దుకాణంలో చూడాల్సినవి

తెరను పూర్తిగా మడిచి మళ్లీ తెరవమనండి. నాలుగు రెక్కల తెరలో మధ్య బందులు ఒక వైపు, అటూ ఇటూ ఉన్న బందులు రెండో వైపు ఉండాలి. అప్పుడే అది వంకరటింకరగా నిలుస్తుంది. ఎవరో మరమ్మతు చేసి అన్నీ ఒకే వైపు బిగించి ఉంటే తెర చాపలా లోపలికి చుట్టుకుంటుంది. ఇది చాలాచోట్ల కనిపించే లోపమే, సరిచేయొచ్చు. కానీ బేరంలో ఆ మేరకు తగ్గించమనండి.

తర్వాత ప్రతి రెక్కనూ మూల నుంచి మూలకు రెండు వైపులా టేపుతో కొలవండి. రెండు కొలతలకూ పావు అంగుళానికి మించి తేడా ఉంటే చట్రం జాయింట్లు వదులయ్యాయని అర్థం. అలాంటిదానికి బందులు మార్చినా లాభం లేదు, ముందు జాయింట్లు విప్పి అతికించాలి.

వయసు సంగతి మరలు చెబుతాయి. ప్లస్ తల ఉన్న మరకు పేటెంటు వచ్చింది 1936లో. వందేళ్ల తెర అని చెప్పి బందులకు ప్లస్ మరలు చూపిస్తే, ఆ బందులు తర్వాత మార్చినవైనా కావాలి, తెర కొత్తదైనా కావాలి. బందు అంచు చుట్టూ పాత బందు ఆకారంలో వేరే రంగు మచ్చ ఉంటే మార్చినదే. నగిషీలో లోపలి మూలలు పదునుగా, పువ్వుకూ పువ్వుకూ చిన్న తేడాలతో ఉంటే చేతిపని. మూలలన్నీ ఒకే గుండ్రంతో ఉంటే యంత్రం బిట్టు తిరిగిన చోటు. ఇత్తడి అన్నదానికి అయస్కాంతం ఆనించండి. అంటుకుంటే లోపల ఇనుముంది.

3. పురుగు ఉంటే ఇంట్లోకి తేవద్దు

చేవ, అంటే కర్ర లోపలి ముదురు భాగం, గట్టిది, దాని జోలికి పురుగు తక్కువగా పోతుంది. తెర వెనక, కింది పట్టీల్లో వాడిన తెల్ల చెక్కలోనే పుచ్చు మొదలవుతుంది. ఒకటి రెండు మిల్లీమీటర్ల రంధ్రాలు, కింద పిండిలాంటి మెత్తని పొడి దాని గుర్తు. రంధ్రాలు ఉన్నంత మాత్రాన పురుగు ఇంకా ఉందని కాదు. పొడి దులిపి, తెరను వరండాలో నల్ల కాగితం మీద రెండు మూడు వారాలు నిలబెట్టండి. మళ్లీ పొడి పడితే కర్ర పురుగులకు అమ్మే నూనె మందును, డబ్బా మీద రాసిన జాగ్రత్తలు పాటిస్తూ, చేతి తొడుగులు వేసుకుని ఒక్కో రంధ్రంలోకి సిరంజితో ఎక్కించి, తెరను పాలిథీన్‌లో చుట్టి రెండు వారాలు ఉంచండి. రంధ్రాలు లోపల కలిసి ఉంటాయి కాబట్టి మందు ఎదుటి రంధ్రం నుంచి చిమ్ముతుంది, కళ్లద్దాలు తప్పనిసరి.

4. బందులు బిగించడం

ఎక్కువ తెరలు పాడయ్యేది ఇక్కడే. మర వదులైందని అదే రంధ్రంలో లావు మర దిగగొడతారు. లావు మర తల బందు గుంటలో కూర్చోదు, పైకి పొడుచుకొస్తుంది. దాంతో రెక్కలు పూర్తిగా మడతపడవు. బలవంతంగా మడిస్తే చట్రం నిలువునా చీలుతుంది.

చేయాల్సింది ఇది. తెరను దుప్పటి మీద పడుకోబెట్టి ఒక్కో బందునే విప్పండి, అన్నీ ఒకేసారి వద్దు. వదులైన రంధ్రాన్ని 6 మిల్లీమీటర్ల బిట్టుతో 15 మిల్లీమీటర్ల లోతు తొలవండి. చట్రం మందం ముందే కొలిచి, బిట్టుకు ఆ లోతు దగ్గర టేపు చుట్టుకోండి. అదే లావు గట్టి చెక్క పుల్లకు ఫెవికాల్ రాసి దిగగొట్టి 24 గంటలు వదిలేయండి. ఉబ్బిన ముక్క కోసేసి, నడిమధ్య 2 మిల్లీమీటర్ల దారి తొలవండి. ఇత్తడి మర మెత్తన, గట్టి కర్రలో తల తెగిపోతుంది. అందుకని ముందు అదే కొలత ఇనుప మరను ఒకసారి ఎక్కించి తీసి, తర్వాత ఇత్తడి మరకు కాస్త మైనం రాసి బిగించండి.

5. శుభ్రం చేయడం

ఉప్పు కాగితం ముట్టుకోవద్దు. రంగు వేసిన పాత తెర అయితే అసలే వద్దు, ఆ రంగుల్లో సీసం ఉండొచ్చు, పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మెత్తని ఒక అంగుళం బ్రష్‌తో పై నుంచి కిందికి దుమ్ము దులపండి, వాక్యూమ్ గొట్టం పక్కనే పట్టుకోండి. జిడ్డున్న చోట లీటరు నీళ్లలో రెండు చుక్కల సబ్బు ద్రవం వేసి, గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి వెంటనే పొడి గుడ్డ వేయండి. స్పిరిట్ వాడకండి. పాత తెరలకు చాలావాటికి లక్క పాలిష్ ఉంటుంది, స్పిరిట్ తగిలితే కరిగి ఊడిపోతుంది.

ఇత్తడి కనిపించగానే చింతపండు తీయడం మన చేతి అలవాటు. బిందెకు బాగానే ఉంటుంది. చెక్కలో పొదిగిన తీగకు మాత్రం వద్దు. పులుపు చెక్కలోకి ఇంకి తీగ పక్కన మచ్చ వదులుతుంది. పొడి మెత్తని గుడ్డతో రుద్దితే వచ్చిన మెరుపు చాలు. కొబ్బరినూనె, నువ్వులనూనె కూడా వద్దు. ఆరవు, జిగటగా మారి దుమ్మును పట్టేస్తాయి.

పూత పొడిబారితే 100 గ్రాముల తేనెమైనాన్ని వేడినీళ్ల గిన్నెలో పెట్టిన మరో గిన్నెలో కరిగించి, పొయ్యి ఆర్పి గిన్నెను దూరంగా జరిపాక 300 మిల్లీలీటర్ల టర్పెంటైన్ కలపండి. మంట దగ్గర కలిపితే అంటుకుంటుంది. చల్లారాక పలుచగా రాసి, 20 నిమిషాలు ఆగి రుద్దండి. నగిషీ గుంటల్లో మైనం తెల్లగా పేరుకోకుండా బ్రష్ తిప్పండి. ఏడాదికోసారి చాలు. టర్పెంటైన్ గుడ్డల్ని ఉండ చుట్టి పడేయకండి, విప్పి ఆరుబయట ఆరనివ్వండి.

6. నిలబెట్టడం

మన ఇళ్లలో తెరకు పెద్ద శత్రువు రోజూ పెట్టే తడిగుడ్డ. కాళ్ల అడుగు కర్ర కోసిన వైపు నీళ్లు తాగి కుళ్లుతుంది. అడుగున మైనం రుద్ది, ఒక్కో కాలికి 6 మిల్లీమీటర్ల రబ్బరు బిళ్ల అతికించండి. నున్నటి టైల్స్ మీద ఫెల్ట్ బిళ్లలు జారతాయి. హాల్లో వాష్ బేసిన్‌ను దాచడానికి తెర పెట్టేవాళ్లు కనీసం రెండడుగులు దూరం ఉంచాలి. ఏసీ గాలి సూటిగా తగిలితే చెక్క కుదించుకుని పగులుతుంది, పడమటి ఎండ తగిలితే రంగు వెలుస్తుంది. పిల్లలున్న ఇంట్లో చివరి రెక్క వెనక ఒక కొక్కెం వేసి గోడకు నైలాన్ పట్టీతో కట్టేయండి. జరిపేటప్పుడు మడిచి, గుడ్డ పట్టీతో కట్టి, ఇద్దరు నిలువుగా పట్టుకోండి. ఒక రెక్క పట్టుకుని ఈడ్చడమే బందులు ఊడటానికి అసలు కారణం.

ఇంట్లో చేయి పెట్టకూడనివి

జపాన్ తెర పేరు బ్యోబు, అంటే గాలికి అడ్డు. దాని బందులు కూడా కాగితమే, అందుకే బొమ్మ ఒక రెక్క నుంచి మరో రెక్కకు తెగకుండా సాగుతుంది. చిరిగిన చోట సెల్లో టేపు వేస్తే ఆ జిగురు కాగితంలోకి దిగి పసుపుపచ్చని మరకగా మిగిలిపోతుంది. చైనాలో లాకర్ అనే చెట్టుజిగురు పూతను చెక్కి రంగులు నింపిన పన్నెండు రెక్కల తెరలను ఐరోపాలో కోరమాండల్ తెరలు అంటారు. పదిహేడో శతాబ్దం చివరి నుంచి అవి మన తూర్పు తీరపు రేవుల మీదుగా ఓడల్లో వెళ్లాయి, తయారైన దేశం పేరు పోయి దాటిన తీరం పేరు నిలిచింది. వీటికి నీళ్లు, మైనం, నూనె ఏదీ వద్దు. మెత్తని బ్రష్ మాత్రమే. పూత లేస్తుంటే మ్యూజియం వస్తువులు బాగుచేసే నిపుణులకే ఇవ్వాలి.

విదేశానికి తీసుకెళ్లాలంటే

వందేళ్లు నిండిన కళావస్తువును దేశం దాటించడం 1972 నాటి పురావస్తు చట్టం కింద ప్రైవేటు వ్యక్తులకు నిషిద్ధం. వయసు అంతకు తక్కువైతే, పురావస్తువు కాదన్న ధ్రువపత్రం భారత పురావస్తు శాఖ నుంచి తీసుకోవచ్చు. ఇంకో చిక్కుంది. శీషం, ఇరుగుడు ఉన్న డాల్‌బెర్జియా జాతి దాదాపు మొత్తం 2017 జనవరి నుంచి సైటిస్ ఒప్పందంలోని రెండో అనుబంధం కింద ఉంది. అరుదైన జంతువులు, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం అది, కాబట్టి దేశం దాటించడానికి అనుమతి కాగితాలు అవసరం కావచ్చు. డాలస్‌కో మెల్‌బోర్న్‌కో సామాను పంపేవాళ్లు ప్యాకింగ్‌కు ముందే ఆ కాగితాల సంగతి షిప్పింగ్ ఏజెంటును అడగాలి.