కిందికి దింపిన పాత వ్యానుకు చక్రాలు, టైర్లు: వేసవి ప్రయాణాలకు ముందు జాగ్రత్తలు

ఈస్టర్ సెలవులు దగ్గర పడేసరికి బ్రిటన్‌లో చలికాలమంతా షెడ్డుల్లో ముసుగు కప్పుకుని నిలిచిన పాత ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్లు ఒక్కొక్కటే రోడ్డెక్కుతాయి. వాటిలో చాలా వాటిని యజమానులు అందం కోసం రెండు మూడు అంగుళాలు కిందికి దింపించి ఉంటారు. దింపించిన బండికి పాత చక్రాలు నప్పలేదనిపించి, కుటుంబంతో వేల్స్‌కో కార్న్‌వాల్‌కో బయలుదేరడానికి రెండు వారాల ముందు కొత్తవి వెతకడం మొదలుపెడతారు. తప్పులన్నీ ఆ తొందరలోనే జరుగుతాయి. నా దగ్గరున్న 1973 నాటి వ్యాను విషయంలో నేనూ ఆ తొందరే పడ్డాను. ఇక్కడ స్థిరపడిన తెలుగువారిలో ఇలాంటి బండి కొన్నవారు, కొనబోతున్నవారు తరచూ ఇవే ప్రశ్నలు అడుగుతున్నందున, చూసుకోవలసిన సంగతులను ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా గుర్తుంచుకోవలసింది, బండి ఎత్తు తగ్గిందే గాని బరువు తగ్గలేదు. ఇది కారు కాదు, సరుకులు మోయడానికి పుట్టిన బండి. పైగా ఇంజిను వెనక ఉంటుంది. దానికి తోడు మంచం, గ్యాసు పొయ్యి, నీళ్ల డబ్బా, సామాన్లు అన్నీ ఎక్కాక వెనక ఇరుసు మీద పడే భారం మామూలు కారు టైరుకు మించినది. అందుకే కంపెనీ దీనికి 185 ఆర్14 సి (185 మిల్లీమీటర్ల వెడల్పు, 14 అంగుళాల చక్రానికి సరిపోయేది) అనే టైరు ఇచ్చింది. మన ఊళ్లలో చిన్న సరుకు బండ్లు నడిపేవారికి ఈ కొలత కొత్తేమీ కాదు. చివరి ‘సి’ అంటే సరుకు బండి టైరు అని అర్థం. టైరు పక్కగోడ మీద కొలత తర్వాత కనిపించే అంకె దాని మోత సామర్థ్యానికి గుర్తు: 91 అంటే ఒక్కో టైరు 615 కిలోలు, 94 అంటే 670, 102 అంటే 850. బండి ప్లేటు మీద వెనక ఇరుసుకు 1300 కిలోలని ఉందనుకుంటే ఒక్కో టైరుకు 650 కిలోలు పడతాయి. అప్పుడు 91 అంకె ఉన్న 205/55 ఆర్16 కారు టైరు ఎంత అందంగా ఉన్నా పనికిరాదు; అదే కొలతలో బలపరచిన రకం 94 అంకెతో దొరికినా మిగులు ఇరవై కిలోలే. సామాను ఏ వైపు ఎక్కువ సర్దినా ఆ మిగులు అక్కడికక్కడే హరించుకుపోతుంది. దుకాణంలో మొదటి ప్రశ్న రంగు గురించో వెడల్పు గురించో కాక, ఈ అంకె గురించి ఉండాలి.

టైరుకున్నట్టే చక్రానికీ మోత పరిమితి ఉంటుంది. చాలా అల్లాయ్ చక్రాల మీద అది లోపలి వైపు అచ్చుపోసి ఉంటుంది. అచ్చు కనిపించకపోయినా, అమ్మేవారు చెప్పలేకపోయినా ఆ చక్రాన్ని కొనకపోవడమే మంచిది. స్పోర్ట్స్ కారు చక్రాలను పోలిన నకళ్లు చవకగా దొరుకుతాయి. అవి తేలికపాటి కారును ఉద్దేశించి చేసినవైతే, నిండు కుటుంబంతో కదిలే వ్యాను కింద అవి ఎన్నాళ్లు నిలుస్తాయో ఎవరూ హామీ ఇవ్వలేరు.

తర్వాత చూడవలసింది బోల్టుల అమరిక, మెకానిక్కుల మాటలో పీసీడీ. ముందు అద్దం రెండు ముక్కలుగా ఉండే పాత రకానికీ, 1967 ఆగస్టులో తయారీ మొదలైన ఒంటి అద్దపు రకంలో 1970 మోడల్ వరకూ ఇది 5×205, అంటే 205 మిల్లీమీటర్ల వ్యాసం గల వలయం మీద అయిదు బోల్టులు. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు వచ్చిన 1971 మోడల్ నుంచి 5×112. రిజిస్ట్రేషన్ తేదీని నమ్మి ఆర్డరు ఇవ్వకూడదు. యాభై ఏళ్లలో ఇరుసులూ డ్రమ్ములూ ఎన్ని చేతులు మారాయో చెప్పలేం కాబట్టి, చక్రం విప్పి స్వయంగా కొలవాలి. 5×112 అయినంత మాత్రాన పని తీరినట్టు కాదు. అదే కంపెనీ ఇటీవలి కార్లలో ఈ అమరిక ఉన్న వాటికి నడిమి రంధ్రం 57.1 మిల్లీమీటర్లు; ఈ వ్యాను హబ్ (చక్రం బిగించే ఇరుసు చివరి భాగం) అందులో దూరదు. మెర్సిడెస్ చక్రాల రంధ్రం 66.6 కాబట్టే పాత వ్యాన్ల కింద అవి అంత తరచుగా కనిపిస్తాయి. 5×205 బండికి వేరే చక్రాలు పెట్టాలంటే అడాప్టరు పలకలు కావాలి. వాటి మందం చక్రాన్ని ఆ మేరకు బయటికి నెడుతుంది. చవక పలకలకు పోవద్దు.

నేను దెబ్బతిన్నది ఇంతకన్నా చిన్న విషయంలో. వాడిన అల్లాయ్ చక్రాలు నాలుగు కొన్నాను. అమ్మినవారు బోల్టులు కూడా ఇచ్చి, ‘ఇవే సరిపోతాయి’ అన్నారు. చక్రంలో బోల్టు కూర్చునే గుంట గిన్నెలా గుండ్రంగా ఉంది. బోల్టు తల కింది భాగం గరాటులా శంకువు ఆకారంలో ఉంది. బిగించినప్పుడు బిగిసినట్టే అనిపించింది. మోటార్‌వే మీద నలభై మైళ్లు వెళ్లాక, వెనక ఎడమ వైపు నుంచి సన్నగా, లయ తప్పకుండా టకటక శబ్దం మొదలైంది. పక్కకు ఆపి చూస్తే అయిదింటిలో మూడు బోల్టులు చేత్తో తిరిగాయి. గుంటల అంచులు మెరుస్తూ, రంధ్రాలు కోలగా సాగి ఉన్నాయి. ఆ చక్రం మళ్లీ వాడే స్థితిలో లేదు. గుండ్రని గుంటకు గుండ్రని తల బోల్టు, శంకువు గుంటకు శంకువు బోల్టు మాత్రమే వాడాలి. అనుమానం ఉంటే గుంటలో కాస్త నీలం రంగు పూసి, బోల్టును చేత్తో తిప్పి తీసి చూస్తే రంగు తల చుట్టూ సమంగా అంటిందో, ఒక సన్నని గీతలా మాత్రమే అంటిందో తెలిసిపోతుంది. బోల్టు పొడవు కూడా కొత్త చక్రం మందాన్ని బట్టి మారుతుంది. హబ్‌లో ఎన్ని చుట్లు ఎక్కుతున్నాయో లెక్కపెట్టి చూసుకోవాలి.

కిందికి దింపిన బండి విషయంలో అసలైన చిక్కు ఆఫ్‌సెట్ దగ్గర వస్తుంది. చక్రం మధ్యరేఖ నుంచి హబ్‌కు ఆనే ముఖం ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో ఆ కొలతే ఆఫ్‌సెట్; దాన్ని ఈటీ అని రాస్తారు. 1971 తర్వాతి బండికి కంపెనీ ఇచ్చిన చక్రం 14 అంగుళాలు, 5.5 జె (అంటే 5.5 అంగుళాల) వెడల్పు, ఈటీ 39. దాని బదులు 7 జె, ఈటీ 35 చక్రం పెడితే, ఈటీలో తేడా నాలుగే కదా అనిపిస్తుంది. కానీ వెడల్పు ఒకటిన్నర అంగుళం పెరిగినందున, లెక్క వేస్తే బయటి అంచు 23 మిల్లీమీటర్లు బయటికీ, లోపలి అంచు 15 మిల్లీమీటర్లు లోపలికీ జరుగుతాయి. అసలు ఎత్తులో ఉన్న బండిలో ఆ 23 మిల్లీమీటర్లు ఇబ్బంది పెట్టవు. దింపిన బండిలో ముందు చక్రం మడ్‌గార్డు లోపలికి ఎక్కి ఉంటుంది కాబట్టి, స్టీరింగ్ పూర్తిగా తిప్పగానే టైరు భుజం రేకు అంచుకు తగిలి కోసుకుపోతుంది.

అది ముందే తెలుసుకోవడానికి నేను పిల్లలు ఆడుకునే రంగు మైనపు ముద్దను వాడతాను. మడ్‌గార్డు లోపలి అంచుకు, చక్రం వెనక రేకుకు ముద్దలు అంటించి, బండిలో ప్రయాణంలో ఉండేంత బరువు, అంటే మనుషులనో ఇసుక బస్తాలనో, ఎక్కించి, స్టీరింగ్‌ను రెండు వైపులా చివరి దాకా తిప్పుతూ ఖాళీ స్థలంలో ముందుకు, వెనక్కు నెమ్మదిగా నడపాలి. వేగనిరోధకం మీదికి ఒక చక్రాన్ని మాత్రమే ఎక్కించి ఆపి కూడా చూడాలి. ఆ తర్వాత ముద్దలు పీకి, నలిగిన చోట మందం కొలిస్తే మిగిలిన ఖాళీ ఎంతో తెలుస్తుంది. పది మిల్లీమీటర్ల కన్నా తక్కువ మిగిలితే నేను ఆ కొలతను ఒప్పుకోను. ఖాళీ బండిని షోరూములో నిలబెట్టి ‘తగలడం లేదు’ అనేవారి మాటకు ఇక్కడ విలువ లేదు.

తగలకుండా ఉండాలని కొందరు మరీ చిన్న టైరుకు వెళతారు. 185 ఆర్14 టైరు మొత్తం వ్యాసం సుమారు 650 మిల్లీమీటర్లు. దింపిన బండ్ల ముందు తరచుగా కనిపించే 195/45 ఆర్16 టైరుది 582. బండి ఇంకో 34 మిల్లీమీటర్లు నేలకు దగ్గరవుతుంది. ఈ వ్యానులో స్పీడోమీటరు తీగ ముందు చక్రం నుంచే వస్తుంది కాబట్టి ముల్లు గంటకు 60 మైళ్లు చూపినప్పుడు నిజ వేగం 54కు అటూ ఇటూ ఉంటుంది. అదే కొలతను వెనక కూడా వేస్తే, అంతే వేగానికి ఇంజిను దాదాపు 12 శాతం ఎక్కువగా తిరగాలి. గాలితో చల్లబడే పాత ఇంజినును జూలై ఎండలో మోటార్‌వే మీద అలా తిప్పడం దానికి మేలు చేయదు. ఇక మోత అంకె చూస్తే, ఆ టైరులో బలపరచిన రకానికే 84, అంటే 500 కిలోలు. దీనికన్నా నేను మెచ్చేది 195/70 ఆర్15 సి: అంకె 104, మోత 900 కిలోలు, వ్యాసం 654, కంపెనీ టైరుకు దాదాపు సమానం. అది నడవడానికి తగినంత ఖాళీ లేకపోతే, టైరు తగ్గించే ముందు బండిని ఒక అంగుళం పైకి ఎత్తించడం గురించి ఆలోచించాలి.

ఇలాంటి వ్యాన్లు ఏడాదికి కొద్ది మైళ్లే తిరుగుతాయి కాబట్టి టైర్లు అరగకముందే ముసలివవుతాయి. పక్కగోడ మీద డీవోటీ అక్షరాల వరుస చివర తయారైన వారం, సంవత్సరం తెలిపే నాలుగంకెలు ఉంటాయి: 2214 అంటే 2014లో 22వ వారం. మూడే అంకెలుంటే అది 2000కు ముందుది. పదేళ్లు దాటిన టైర్లను మినీబస్సుల ఒంటి చక్రాలకు (జంటగా కాక ఒక్కొక్కటే బిగించిన వాటికి) 2021 ఫిబ్రవరి నుంచి బ్రిటన్‌లో నిషేధించారు. మన వ్యానుకు ఆ నిబంధన వర్తించకపోయినా, ఆ గడువునే నేను పాటిస్తాను. పక్కగోడను వేలితో వంచినప్పుడు వెంట్రుక వాసి పగుళ్లు తెరుచుకుంటే వయసుతో పనిలేకుండా మార్చాలి. గాడి లోతు నడిమి ముప్పావు వెడల్పులో 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే ఒక్కో టైరుకు 2500 పౌండ్ల దాకా జరిమానా, 3 పెనాల్టీ పాయింట్లు పడవచ్చు. నలభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేని బండ్లకు ఏటేటా ఎంఓటీ (బ్రిటన్‌లో బండ్ల భద్రతా తనిఖీ) అక్కరలేదన్న వెసులుబాటు ఉన్నా, టైర్ల బాధ్యత మాత్రం పూర్తిగా మనదే. ఎత్తు తగ్గించిన సంగతి, చక్రాలు మార్చిన సంగతి బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలపాలి.

బండిని దింపినప్పుడు వెనక చక్రాల పైభాగం లోపలికి వాలుతుంది. పాత రకం ఇరుసులో ఈ వాలు మరీ ఎక్కువ. అందువల్ల బయటి నుంచి చూస్తే టైరు కొత్తదానిలా కనిపిస్తూనే లోపలి అంచు దారాలు తేలేదాకా అరుగుతుంది. బండి కిందికి దూరి, చేత్తో తడిమి చూడవలసిందే. కొత్త చక్రాలు వేసిన రోజే వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. గాలి విషయంలో పాత పుస్తకంలోని అంకెలు 185 ఆర్14 సి టైరుకు చెందినవి. వేరే టైరు వేస్తే దాని తయారీదారు పట్టికలో మీ ఇరుసు బరువుకు ఎంత గాలి కావాలో చూసి, టైరు చల్లగా ఉన్నప్పుడే నింపాలి. వెనక గాలి ముందుకన్నా బాగా ఎక్కువగా ఉండటం ఈ బండికి సహజం.

కొత్త చక్రాలు వేశాక మొదటి యాభై మైళ్లకు బోల్టులను టార్క్ రెంచితో (బిగింపు బలాన్ని కొలిచే రెంచి) మళ్లీ బిగించాలి. అడాప్టరు పలకలుంటే వాటినీ విప్పి చూడాలి. ఇక చాలామంది మరిచేది స్టెప్నీ. నాలుగు చక్రాలూ అల్లాయ్ అయినా స్టెప్నీ పాత ఇనుప చక్రమే అయితే, దానికి కావలసిన బోల్టులు వేరు, వ్యాసం వేరు. ఆ అయిదు పాత బోల్టులను గుడ్డలో చుట్టి, జాక్ పక్కనే పెట్టుకోవాలి. దింపిన బండికి పంక్చరు పడితే జాక్ దూరే సందు కూడా ఉండదు కాబట్టి, టైరును ఎక్కించి ఎత్తు సంపాదించుకోవడానికి రెండంగుళాల మందం చెక్క ముక్క ఒకటి సీటు కింద ఉంచుకోవాలి.