కొత్త ఇంటిని దేవునికి ప్రతిష్ఠించుకోవడం ఎలా?

గృహ ప్రతిష్ఠకు సొంత ఇల్లే ఉండాలని లేదు. అద్దె ఇంట్లో దిగినా చేసుకోవచ్చు, పదేళ్లుగా ఉంటున్న ఇంట్లోనూ చేసుకోవచ్చు. కొత్త ఇల్లు కట్టుకుని ఇంకా ప్రతిష్ఠించుకోనివాణ్ణి యుద్ధం నుంచి ఇంటికి పంపెయ్యమని బైబిలులోని ద్వితీయోపదేశకాండం 20:5 చెబుతుంది. 30వ కీర్తన శీర్షికలోనూ గృహ ప్రతిష్ఠ ప్రస్తావన ఉంది. అంటే ఇది పాత అలవాటే.

ముందు బాకీలు తీర్చండి

కార్డులు పంచకముందే మేస్త్రీ, ప్లంబర్, పెయింటర్, కూలీల లెక్కలు ముగించండి. పొరుగువాడిచేత జీతం ఇవ్వకుండా పని చేయించుకుని ఇల్లు కట్టేవాడికి కీడు తప్పదని యిర్మీయా 22:13 హెచ్చరిస్తుంది. మేస్త్రీకి డబ్బు బాకీ పెట్టి మూడు వందల మందికి బిర్యానీ పెడితే ఆ ప్రార్థనలో పస ఉండదు. పనివాళ్లను కూడా కుటుంబాలతో పిలవండి.

డాబా మీద పిట్టగోడ పూర్తయిందో లేదో చూడండి. ఇంటి పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టించమని ద్వితీయోపదేశకాండం 22:8 ఆజ్ఞ. ఎవరైనా పడితే ఆ దోషం ఇంటివాళ్లదే. మనవాళ్లు భోజనాలు డాబా మీదే షామియానా వేసి పెడతారు, పిల్లలు అక్కడే పరుగులు తీస్తారు. గోడ పూర్తికాకపోతే భోజనాలు కిందే పెట్టండి.

తేదీ, పాస్టర్ గారు

కనీసం మూడు వారాల ముందు పాస్టర్ గారితో మాట్లాడండి. ఆదివారం వద్దు, ఆయనకు ఆరాధనలే సరిపోతాయి. సెలవు రోజు ఉదయం పదింటికి పెట్టుకుంటే ఎండ ముదరకముందే ముగుస్తుంది. బంధువులు ముహూర్తం అడిగితే వాదన పెట్టుకోకుండా, ప్రార్థించి ఈ రోజు అనుకున్నామని నెమ్మదిగా చెప్పండి. పాలు కాచి అందరికీ టీ ఇవ్వడంలో తప్పేమీ లేదు. పాలు పొంగితేనే కలిసొస్తుందన్న నమ్మకం మాత్రం గుమ్మం బయటే వదిలెయ్యాలి.

సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), లూథరన్ సంఘాలైతే అచ్చయిన ఆరాధన క్రమం ఉందేమో అడగండి. కతోలికులైతే ఫాదర్ గారు పవిత్ర జలం చల్లి దీవిస్తారు. తెల్లగుడ్డ పరిచిన బల్ల, సిలువ, కొవ్వొత్తి, బైబిలు సిద్ధంగా ఉంచండి.

ఎక్కువగా చెడేది ఒక్కచోటే. నలుగురైదుగురు పాస్టర్లను పిలుస్తారు, ఎవరేం చేయాలో చెప్పరు. ప్రతివారూ అరగంట మాట్లాడతారు. ఒకరికి వాక్యం, ఒకరికి ప్రారంభ ప్రార్థన, ఒకరికి దీవెన అని కాగితం మీద రాసి ముందురోజే చెప్పండి. వాక్యానికి ఇరవై నిమిషాలు చాలు.

గుమ్మం నుంచి గదుల దాకా

తలుపు మూసి ఉంచి బయట ఒక పాట పాడండి. ఇంటి పెద్ద కీర్తన 127:1 చదవాలి: "యెహోవా ఇల్లు కట్టించనియెడల దాని కట్టువారి ప్రయాసము వ్యర్థమే." ప్రార్థించి తలుపు తీయండి. అందరూ కూర్చున్నాక యెహోషువ 24:15లోని "నేనును నా యింటివారును యెహోవాను సేవించెదము" అన్న మాటను ఇంటివాళ్లంతా నిలబడి కలిసి పలకాలి. ప్రతిష్ఠ అంటే అసలు ఈ మాటే. దీన్ని పాస్టర్ గారి చేత చెప్పించకండి.

తర్వాత గదుల ప్రార్థన. ఇంటివాళ్లు, పాస్టర్ గారు మాత్రమే వెళ్లాలి. మిగతావాళ్లు హాల్లోనే పాడుతూ ఉంటారు. అందరూ వెనకే వస్తే పడకగదిలో ఊపిరాడదు. ఒక్కో గదిలో ఒక్కో నిమిషం, ఆ గదిలో జరిగే పనిని పట్టుకుని ప్రార్థించండి. వంటగదిలో అనుదినాహారం కోసం, ఆకలితో వచ్చేవాడికి పెట్టే మనసు కోసం. హాల్లో నోటి మాటల కోసం, టీవీలో చూసేవాటి కోసం. పడకగదిలో భార్యాభర్తల నమ్మకం కోసం. పిల్లల గదిలో పిల్లలనే చెయ్యనివ్వండి, రెండు మాటలైనా సరే. తిరిగి గుమ్మం దగ్గరికొచ్చి కీర్తన 121:8 చదవండి, అది రాకపోకల కాపుదల గురించిన వచనం.

కొన్ని సంఘాల్లో నూనె రాస్తారు. వేలికొసతో చెక్క ద్వారబంధానికి రాస్తే చాలు, కొత్త రంగు వేసిన గోడకు తగిలితే మరక పడుతుంది. నూనెకైనా, గోడకు పెట్టే వాక్యం బోర్డుకైనా తనంతట తానుగా శక్తి లేదు. దిష్టిబొమ్మ తీసి ఆ చోట వచనం తగిలించి, దాన్నే దిష్టిబొమ్మలా చూసుకునేవాళ్లు ఉన్నారు. అలా చూడకండి.

మర్నాటి నుంచి

కుటుంబ ప్రార్థన మర్నాడే మొదలుపెట్టాలి, వారం ఆగితే మొదలవ్వదు. పదిహేను నిమిషాలు: ఒక పాట, పది పదిహేను వచనాలు, ఒక్కొక్కరు ఒక్క వాక్యం ప్రార్థన. సామెతల్లో 31 అధ్యాయాలున్నాయి, రోజుకొక అధ్యాయం నుంచి చదివితే నెలకు సరిపోతుంది. చదివే వంతు పిల్లలకూ ఇవ్వండి. రాత్రి భోజనం తర్వాత పెడితే పిల్లలు తూగుతారు, అందుకే భోజనానికి ముందే. ఒకరోజు తప్పితే మర్నాడు రెండు రోజుల భాగం చదవకండి, ఆ రోజుది చదివితే చాలు.