కాంటా ఒక్కటే ఉన్నప్పుడు: డేటాబేస్ కనెక్షన్ పూల్ పెట్టుకునే తీరు

వానాకాలం వడ్లు వచ్చే రోజుల్లో మిర్యాలగూడ మిల్లుల ముందు ట్రాక్టర్ల లైన్ ఎట్లా ఉంటుందో ఇటువైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ లైన్‌ను నడిపించే టోకెన్, కాంటా సాఫ్ట్‌వేర్ నేను రాశాను. ఆరు మిల్లులు దాన్ని వాడుతున్నాయి. మిల్లుల పేర్లు వద్దు, ఇందులో జరిగిన తప్పులన్నీ నావే. మొదటి సీజన్‌లో టోకెన్ స్క్రీన్ తిరుగుతూనే ఉంటే ఒక డ్రైవర్ కిటికీలోంచి తొంగిచూసి, “ఏం సారూ, మీ కంప్యూటర్ గూడ లైన్ల నిలవడ్డదా?” అన్నాడు. ఆయనకు తెలియకుండానే సరిగ్గా చెప్పాడు.

ప్రతి మిల్లు ఆఫీసులో ఒక చిన్న లైనక్స్ కంప్యూటర్ మీద నా పైథాన్ యాప్ నడుస్తుంది. డేటాబేస్ ప్రోగ్రాం పోస్ట్‌గ్రెస్, ముంబైలో అద్దెకు తీసుకున్న సర్వర్ మీద ఉంది. మిల్లు నుంచి పింగ్ కొడితే రానూపోనూ 40 మిల్లీసెకన్లు. నా పాత కోడ్ ఒక్కో టోకెన్‌కు డేటాబేస్‌తో కొత్త కనెక్షన్ తెరిచి, పని కాగానే మూసేసేది. తెరవడం అంటే ఒక్క అడుగు కాదు. ముందు రెండు కంప్యూటర్లు పలకరించుకోవాలి (టీసీపీ హ్యాండ్‌షేక్), తర్వాత మాటలను రహస్యంగా మార్చుకునే ఏర్పాటు (టీఎల్ఎస్), తర్వాత పాస్‌వర్డ్ తంతు. అన్నీ కలిపి ఐదారు సార్లు ముంబై పోయి రావాలి. అంటే దాదాపు పావు సెకను. అసలు క్వెరీకి (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నకు) పట్టేది అందులో ఐదో వంతు కూడా కాదు. అవతల పోస్ట్‌గ్రెస్ కూడా ప్రతి కనెక్షన్‌కు ఒక కొత్త ప్రాసెస్ పుట్టించాలి. ఒక్క స్క్రీన్‌కు నాలుగు క్వెరీలుంటే నాలుగు సార్లు ఇదే కథ.

ట్రాక్టర్ వచ్చిన ప్రతిసారీ ఊళ్లోకి పోయి హమాలీని వెతికి తెచ్చి, బస్తాలు దించగానే ఇంటికి పంపే మిల్లు ఎక్కడైనా ఉందా? కొంతమంది గేటు దగ్గరే ఉంటారు, ఒక బండి కాగానే ఇంకో బండి. పూల్ అంటే అదే. తెరిచిన కనెక్షన్లను మూయకుండా ఉంచుకుని, అడిగినవాళ్లకు ఇచ్చి, పని అయ్యాక వెనక్కి తీసుకోవడం.

పైథాన్ నుంచి డేటాబేస్‌తో మాట్లాడే ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ లైబ్రరీ వాడేవాళ్లకు ఇది రాసే పని కూడా లేదు, కనెక్షన్లు చూసుకునే దాని ‘ఇంజిన్’లోనే పూల్ ఉంటుంది. ఒక్కటే జాగ్రత్త: ఇంజిన్‌ను యాప్ మొదలయ్యేటప్పుడు ఒకసారి తయారుచేయాలి. రిక్వెస్ట్ ఫంక్షన్ లోపల తయారుచేస్తే ప్రతిసారీ కొత్త పూల్ పుడుతుంది, పాత రోగమే కొత్త పేరుతో వస్తుంది. జావా వాళ్లకు హికారీ అనే పూల్ ఉంది, నోడ్ వాళ్లకు పీజీ లైబ్రరీలోనే పూల్ ఉంది. పేర్లు వేరు, లెక్క ఒకటే.

ఆ లెక్క దగ్గరే నేను బోల్తా పడ్డాను. ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీలో మనం ఏమీ చెప్పకపోతే పూల్ సైజ్ 5, మ్యాక్స్ ఓవర్‌ఫ్లో (రద్దీలో అదనంగా తెరిచేవి) 10, అంటే గరిష్ఠంగా 15. పదిహేనే కదా అనుకున్నాను. కానీ పూల్ ప్రాసెస్‌కు ఒకటి, యాప్‌కు ఒకటి కాదు. పైథాన్ యాప్‌ను నడిపించే గునికార్న్‌లో రెండు వర్కర్లు పెడితే, ఒక్కో వర్కర్ ఒక ప్రాసెస్ కాబట్టి, రెండు పూల్స్. ఆరు మిల్లులు, రెండేసి వర్కర్లు, పదిహేనేసి కనెక్షన్లు: 180. పోస్ట్‌గ్రెస్ మామూలుగా ఒప్పుకునేది 100. అందులో 3 సూపర్ యూజర్ (అన్ని అధికారాలున్న యూజర్) కోసం పక్కన పెట్టి ఉంటాయి. నేనేమో బద్ధకంతో యాప్‌ను కూడా సూపర్ యూజర్‌గానే కనెక్ట్ చేశాను. సాయంత్రం ఆరింటికి ‘సారీ, టూ మెనీ క్లయింట్స్ ఆల్రెడీ’ అని వచ్చింది. ఆ మూడు కూడా యాప్ తినేసింది కాబట్టి, ఏం జరుగుతోందో చూడటానికి లోపలికి పోయే దారి నాకు కూడా లేదు. మీరు ఇంకేం చేసినా చేయకపోయినా, యాప్‌కు విడిగా ఒక మామూలు యూజర్‌ను పెట్టండి.

100ను 300 చేస్తే పోదా? పోదు. మా సర్వర్‌కు నాలుగు కోర్లు. ఒక క్షణంలో నిజంగా పనిచేసే కనెక్షన్లు కోర్లకు రెండింతలు, డిస్క్‌కు ఒకటి చొప్పున ఉంటే చాలని పోస్ట్‌గ్రెస్ వాళ్లలో ఒక పాత లెక్క ఉంది. అంటే మాకు తొమ్మిది. కాంటా ఒక్కటే ఉన్నప్పుడు యాభై మంది హమాలీలను దించితే తూకం తొందరగా కాదు, తోపులాట పెరుగుతుంది. అందుకే పూల్ సైజ్ 2, ఓవర్‌ఫ్లో 1 చేశాను. పన్నెండు వర్కర్లకు 36. లెక్కల యాప్‌కు, బ్యాకప్‌కు, నాకు చోటు మిగిలింది.

మర్నాడు ఇంకో ఎర్రర్. ఈసారి పూల్ నుంచే: లిమిట్ దాటింది, 30 సెకన్లు చూసినా కనెక్షన్ దొరకలేదని. సైజ్ పెంచుదామని చేయి లాగింది. పెంచలేదు, అదొక్కటే ఆ వారం నేను చేసిన మంచి పని. పోస్ట్‌గ్రెస్‌లో ఏ కనెక్షన్ ఏం చేస్తోందో చూపే పీజీ స్టాట్ యాక్టివిటీ అనే వ్యూ తెరిచి స్టేట్ కాలమ్ చూశాను. సగం కనెక్షన్లు ‘ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్’. అంటే తీసుకున్నారు, ట్రాన్సాక్షన్ (కలిపి ఒక్కసారే ఖాయమయ్యే పనుల గుంపు) మొదలుపెట్టారు, ఏ పనీ చేయకుండా పట్టుకుని కూర్చున్నారు.

ఎందుకంటే, కాంటా కాగానే రైతుకు బరువు, తేమ శాతం ఎస్సెమ్మెస్ పోతుంది. నా కోడ్ బరువు రాసి, ఎస్సెమ్మెస్ పంపి, అది పోయిందని తెలిశాక కమిట్ చేసేది, అంటే రాసినదాన్ని ఖాయం చేసేది. సాయంత్రం పూట ఎస్సెమ్మెస్ గేట్‌వే ఒక్కోసారి ఎనిమిది సెకన్లు తీసుకునేది. అంతసేపూ కనెక్షన్ చేతిలోనే. హమాలీని బండి పక్కన నిలబెట్టి టీ తాగడానికి పోయినట్టు.

సవరణ చిన్నదే: ముందు కమిట్, తర్వాత ఎస్సెమ్మెస్. ఇందులో ఒక మెలిక ఉంది, నాకు పూట పట్టింది. కమిట్ కాగానే ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ ఆ రికార్డు విలువలు పాతవైపోయాయని అనుకుంటుంది. మెసేజ్ రాయడానికి బరువు చదవగానే మళ్లీ డేటాబేస్‌కు పోయి కనెక్షన్ తీసుకుంటుంది. కాబట్టి కావాల్సిన విలువలను కమిట్‌కు ముందే మామూలు వేరియబుల్స్‌లోకి తీసుకోండి. ఇప్పుడైతే మెసేజ్‌లను ఒక టేబుల్‌లో రాసేసి, పంపే పని వేరే ప్రాసెస్‌కు ఇచ్చాను. పోస్ట్‌గ్రెస్‌లో ‘ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ సెషన్ టైమౌట్’ 15 సెకన్లకు పెట్టాను, నేను మళ్లీ మరిచిపోతే అదే తెంపేస్తుంది.

పొద్దున మొదటి టోకెన్‌కే ఎర్రర్, రెండోసారి నొక్కితే మామూలు. ఇలా జరిగితే రాత్రంతా ఖాళీగా ఉన్న కనెక్షన్‌ను మధ్యలో ఏ రౌటరో తెంపేసిందన్నమాట. పూల్‌కు ఆ సంగతి తెలియదు. ‘పూల్ ప్రీ పింగ్’ ఆన్ చేస్తే ఇచ్చే ముందు బతికి ఉందో లేదో చూస్తుంది. ప్రతిసారీ ఒక రానూపోనూ ఖర్చు, ఆ 40 మిల్లీసెకన్లు నేను భరిస్తాను. ‘పూల్ రీసైకిల్’ 1800 సెకన్లకు పెడితే అరగంట దాటిన కనెక్షన్‌ను, తర్వాత అడిగినప్పుడు మార్చేస్తుంది.

మిల్లులు పన్నెండైతే పీజీబౌన్సర్ పెడతాను. అది ముంబై సర్వర్ మీదే, 6432 పోర్టులో కూర్చుని, వచ్చిన కనెక్షన్లన్నిటినీ కొన్ని అసలు కనెక్షన్ల మీద సర్దుతుంది. ట్రాన్సాక్షన్ మోడ్‌లో పెడితే సెషన్‌కు చేసిన సెట్టింగులు, లిజన్ (డేటాబేస్ నుంచి కబురు కోసం ఎదురుచూసే కమాండ్) లాంటివి నమ్ముకోకూడదు, తర్వాతి ట్రాన్సాక్షన్ వేరే కనెక్షన్ మీద నడవొచ్చు. అది వచ్చినా మిల్లు దగ్గరి పూల్ తీసేయను, మిర్యాలగూడ నుంచి ముంబై దాకా ఉన్న దూరాన్ని అది తగ్గించలేదు.