పేల్ ఏల్‌ని ముందు ముక్కుతో తాగండి

పేల్ ఏల్ అనే లేత రంగు బీరు రుచి చూడాలంటే, బీరు అక్కడే తయారుచేసి పోసే మైక్రోబ్రూవరీకి శనివారం రాత్రి మాత్రం వెళ్లకండి. డీజే మోతలో పక్కవాడి మాటే వినపడదు, ఇక బార్ వెనకున్న కుర్రాడు మీ సందేహాలేం వింటాడు? నేనైతే వారం మధ్యలో, ఆరింటికల్లా గచ్చిబౌలి చేరిపోతాను. క్యాబ్‌లోనే. ఆ రోజు సెంటు కొట్టుకోను. ఇక్కడ సగం పని ముక్కుదే.

ముందు బోర్డు చూడండి. చాలాచోట్ల బీరు పేరు పక్కన రెండు అంకెలుంటాయి: ఆల్కహాల్ శాతం, ఐబీయూ. రెండోది చేదుకి కొలత. అమెరికన్ పేల్ ఏల్‌లో మామూలుగా 30 నుంచి 50 దాకా ఉంటుంది. చూసి టెన్షన్ పడక్కర్లేదు, మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) తీపి సరిపడా ఉంటే 40 కూడా సాఫీగా దిగిపోతుంది. అంకె కన్నా హాప్స్ పేరు, అంటే బీరుకి చేదూ వాసనా ఇచ్చే పువ్వుల రకం పేరు, అడగడం మేలు. కాస్కేడ్ అంటే పంపరపనస తొక్క, కాస్త పూల వాసన. 1972లో అమెరికాలో విడుదలైన రకం ఇది. 1980లో కాలిఫోర్నియాలో సియెర్రా నెవాడా అనే బీరు కంపెనీ వాళ్లు దీంతో చేసిన పేల్ ఏల్‌ చూసే తర్వాతివాళ్లు చాలామంది ఈ దారి పట్టారు. సిట్రా అయితే మామిడి, లిచీ వైపు పోతుంది. ఈ వాసనలు పట్టుకోగలమా అని అనుమానముంటే బయల్దేరే ముందు ఇంట్లో బత్తాయి తొక్క గిల్లి వాసన చూసుకోండి.

కొంచెం రుచి చూపించమని మొహమాటపడకుండా అడగండి. చాలామంది ఇస్తారు. రెండు మూడు రకాలు తాగేట్టయితే వీట్ బీర్ ముందు, పేల్ ఏల్ తర్వాత, ఇంకా చేదుగా ఉండే ఐపీఏ చివర. తిరగేశారంటే వీట్ బీర్‌కి రుచే తెలియదు.

గ్లాసు రాగానే లోపలి గోడలు చూడండి. బుడగలు గుత్తులుగా అతుక్కుని ఉంటే సరిగ్గా కడగలేదన్నమాట, మార్చమనండి. తర్వాత కాసేపు ఆగండి. మా బావమరిదికి పళ్లు జివ్వుమనకపోతే అది బీరే కాదు. మరీ చల్లగా ఉంటే వాసన పైకి లేవదని ఎంత చెప్పినా వినడు. 7 నుంచి 10 డిగ్రీలు చాలు. గ్లాసు అరచేతుల్లో పట్టుకుని కబుర్లు చెప్పుకోండి, కానీ డాబా మీద ఎండలో వద్దు. హాప్స్ చేదు మీద ఎండ పడితే కొద్ది నిమిషాల్లోనే గంధకపు కంపు పుడుతుంది. చాలా బీరు సీసాలు గోధుమరంగులో ఉండేది అందుకే.

నురగ ఉండగానే గ్లాసు మెల్లగా తిప్పి, చిన్నగా రెండుసార్లు పీల్చండి. హాప్స్‌ని మొదట్లోనే వేసి గంటసేపు మరిగిస్తే చేదు దిగుతుంది గానీ, వాసననిచ్చే నూనెలు ఆవిరైపోతాయి. అందుకని ఇంకొన్ని హాప్స్‌ని చివర్లో వేస్తారు, పులుసు దించేముందు కొత్తిమీర చల్లినట్టు. చల్లారాక ట్యాంకులో మళ్లీ వేసేవాళ్లూ ఉన్నారు. ఆ ఘుమఘుమ వారాలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది కాబట్టి, "ఈ బ్యాచ్ ఎప్పటిది?" అని అడగాల్సిందే.

ఇప్పుడు గుక్క. నోరంతా తిప్పి మింగాక, పెదాలు మూసి ముక్కుతో గాలి వదలండి. దాగున్న వాసనలు అప్పుడు బయటపడతాయి. మొదట బిస్కెట్ వాసనతో మాల్ట్ తీపి, వెనకే చేదు. మంచి పేల్ ఏల్‌లో ఆ చేదు నోరు శుభ్రం చేసి వెళ్లిపోతుంది. నాలుక చివర గీరుతూ కూర్చుందంటే కుదరలేదనే. అయినా మొదటి గుక్కకే తీర్పు చెప్పకండి, నాలుక సర్దుకోవాలి. చిల్లీ చికెన్ మాత్రం బీరయ్యాక తెప్పించుకోండి, కారానికి చేదు తోడైతే మంట ఇంకా రేగుతుంది. అందాకా ఉప్పు పల్లీలు చాలు.

తడిసిన అట్టపెట్టె వాసన వస్తే బీరుకి గాలి తగిలి పాతబడిందని అర్థం. ఒకచోట నాకు వెన్న వేసిన పాప్‌కార్న్ వాసన కొట్టింది. పులియడం సరిగ్గా పూర్తికాకపోయినా, పైపులు శుభ్రంగా లేకపోయినా అలా వస్తుంది. "అది ఫ్లేవర్ సార్" అన్నాడు వెయిటర్. బీరు తయారుచేసే బ్రూవర్‌ని పిలవమన్నాను. ఆయన ఒక గుక్క తాగి, ఏమీ అనకుండా బోర్డు మీద ఆ పేరు చెరిపేశాడు. బిల్లులో అది వెయ్యలేదు.