రోజూ నడుస్తున్నారు సరే, ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడగలరా?

మా అమ్మకి 72 ఏళ్ళు. రోజూ పొద్దున్నే కాలనీలో అరగంట నడుస్తుంది. అయినా పోయిన ఏడాది గడప దాటబోయి తట్టుకుని పడింది, మణికట్టు విరిగింది. "ఇంత నడుస్తున్నా ఎందుకు పడ్డాను" అని చాలా బాధపడింది. కట్టు విప్పాక ఫిజియోథెరపీ ఆవిడ చెబితేనే నాకూ తెలిసింది: చదునైన రోడ్డు మీద తిన్నగా నడవడం గుండెకి మంచిదే, కానీ తూలినప్పుడు నిలదొక్కుకోవడం ఒక్క నడకతో రాదు, దానికి విడిగా సాధన చెయ్యాలి. ఎన్ని ఏళ్ళొచ్చినా చెయ్యొచ్చు.

మనం పడకుండా నిలబడాలంటే మెదడుకి మూడు చోట్ల నుంచి కబురు అందాలి: కళ్ళు, లోపలి చెవి, అరికాళ్ళతో పాటు కీళ్ళు. వయసుతో మూడూ మందగిస్తాయి. షుగర్ ఎక్కువ కాలం ఉన్నవాళ్ళలో చాలామందికి అరికాళ్ళు మొద్దుబారి నేల సరిగ్గా తెలియదు, అప్పుడు భారమంతా కళ్ళ మీద పడుతుంది, అందుకే రాత్రి లైటు వెయ్యకుండా బాత్రూంకి వెళ్ళేటప్పుడు పడిపోతుంటారు. కబురు సరిగ్గా అందినా, తొడల్లో, పిక్కల్లో బలం లేకపోతే చటుక్కున ఇంకో అడుగు వేసి ఆపుకోలేరు.

ముందు ఎలా ఉన్నారో చూసుకోండి. వంటగట్టు పక్కన నిలబడాలి, పక్కన ఒక మనిషి ఉండాలి. మొదట పాదాలు రెండూ దగ్గరగా పెట్టి 10 సెకన్లు. తర్వాత ఒక పాదం సగం ముందుకి జరిపి 10. తర్వాత ఒక మడమకి రెండో కాలి వేళ్ళు ఆనించి, చిన్నప్పుడు అడుగులతో దూరం కొలిచేవాళ్ళం చూడండి, అలా 10. చివరికి తొక్కుడుబిళ్ళలో లాగా ఒంటికాలి మీద. మూడోదానిలో 10 సెకన్లు నిలవలేకపోతే పడే ప్రమాదం ఎక్కువని లెక్క.

అలా తేలితే వ్యాయామం మొదలుపెట్టే ముందే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు ఇంకోసారి బీపీ చూడమని మీరే అడగండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే లేవగానే కళ్ళు తిరగడానికి అదే కారణం కావచ్చు. నిద్రమాత్రలు, బీపీ మందులు, ప్రోస్టేట్ మందులు కూడా తూలేలా చేయగలవు, కాబట్టి వాడే మందులన్నీ సంచీలో వేసుకుని వెళ్ళండి, మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపొద్దు. షుగర్‌కి ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్ళ తరబడి వాడుతుంటే బి12 విటమిన్ పరీక్ష చేయించండి, అది తగ్గినా అరికాళ్ళు మొద్దుబారొచ్చు. పక్కమీద అటూ ఇటూ దొర్లినప్పుడు గది గిర్రున తిరిగినట్టుంటే చాలాసార్లు అది లోపలి చెవిలో కాల్షియం రేణువులు చోటు తప్పడం వల్లే, తలని ఒక పద్ధతిలో తిప్పి డాక్టర్లు సరిచేస్తారు. ఈ సంగతి తెలియక నెలల తరబడి తలతిరుగుడు మాత్రలు మింగుతున్నవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇక సాధన. గోడకి ఆనించిన కుర్చీలోంచి, వీలైతే చేతులు ఆనించకుండా, పదిసార్లు లేచి కూర్చోవడం అన్నిటికంటే ముఖ్యం, అమ్మకి తొడల్లో బలం వచ్చింది దీనివల్లే. తర్వాత గట్టు పట్టుకుని మునివేళ్ళ మీద లేవడం, మడమల మీద నిలబడడం, గట్టు వెంట పక్కకి అడుగులు వేయడం, అడుగుకి అడుగు ఆనించి నడవడం, ఒంటికాలి మీద నిలబడడం. మొదట రెండు చేతులతో పట్టుకోండి, కొన్ని రోజులకి ఒక చెయ్యి, తర్వాత ఒక్క వేలు, ఆ తర్వాత చెయ్యి తీసేసి గట్టు దగ్గరే. అదీ సులువైపోతే తల అటూ ఇటూ తిప్పుతూ, లేదా వంద నుంచి వెనక్కి లెక్కపెడుతూ చెయ్యండి, ఎందుకంటే బయట నడిచేటప్పుడు మాట్లాడుతూ, పక్కకి చూస్తూ ఉండగానే కదా పట్టు తప్పేది. కొంచెం ఊగాలి, అస్సలు ఊగకపోతే శరీరం నేర్చుకునేదేమీ లేదు. 65 దాటినవాళ్ళు ఇలాంటివి వారానికి కనీసం మూడు రోజులు చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. రెండు మూడు నెలలు ఓపిక పట్టండి. ఒంటరిగా కళ్ళు మూసుకుని మాత్రం చెయ్యొద్దు.

ఇంట్లో బాత్రూంలో గోడకి గట్టి హ్యాండిల్ బిగించండి, టవల్ రాడ్డు మనిషి బరువు ఆపదు. మంచం నుంచి బాత్రూం దాకా రాత్రంతా చిన్న లైటు వెలగాలి. అరిగిన హవాయి చెప్పులు తీసేసి వెనక పట్టీ ఉన్నవి కొనండి. చీర కుచ్చిళ్ళు, పంచె అంచు నేలకి తగలకుండా చూడండి.

ఇంకోటి, పడిన సంగతి చాలామంది పెద్దవాళ్ళు పిల్లలకి చెప్పరు, ఎక్కడ బయటికి వెళ్ళొద్దంటారోనని. కోప్పడకుండా అడగండి. పడితే కంగారుగా లేవొద్దు, రెక్క పట్టుకుని లాగనూ వద్దు. నొప్పి లేకపోతే పక్కకి తిరిగి, మోకాళ్ళ మీదకి వచ్చి, కుర్చీ పట్టుకుని మెల్లగా లేవాలి. రక్తం పలచబడే మందులు వాడుతున్నవాళ్ళకి తలకి దెబ్బ తగిలితే, పైకి ఏమీ కనిపించకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.