గట్టిపడిన నేల, తుంగ: మా లాన్ ఎలా బాగుపడిందంటే

మా ఇంటి ముందు వేసిన మెక్సికన్ గడ్డి రెండో వేసవికే పసుపు రంగుకు తిరిగింది. రోజూ నీళ్లు పెట్టాను, యూరియా చల్లాను. తుంగ పెరిగింది తప్ప గడ్డి కోలుకోలేదు. చాలా బాధేసింది. ఒకరోజు స్క్రూడ్రైవర్ గుచ్చి చూస్తే అంగుళం కూడా దిగలేదు. నేల గట్టిపడి నీళ్లు వేళ్లదాకా పోవడమే లేదు!

తొలకరి పడగానే ఇనప ఊచతో జానెడుకొకటి చొప్పున నాలుగంగుళాల లోతు రంధ్రాలు పొడిచి, ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపి చీపురుతో వాటిలోకి నెట్టాను. తుంగను ఊరికే పీకితే పైన తెగి, కింద గడ్డ మిగిలిపోతుంది. అందుకే తవ్వి, నల్లటి గింజల్లాంటి ఆ గడ్డలన్నీ చేత్తో ఏరాను. మూడు ఆదివారాలు పట్టింది. ఇప్పుడు వారానికి రెండుసార్లే, పొద్దున్నే, నేల లోపలిదాకా నానేలా నీళ్లు పెడుతున్నాను. దసరాకి మా పాప ఆ గడ్డి మీద చెప్పుల్లేకుండా పరిగెత్తింది.