ఇంటి దగ్గరే ఫ్లూ వైరస్ చదువు – నాలుగో పాఠం: 145వ నంబరు ఇల్లు ఎక్కడ?

పోయిన పాఠంలో ఇచ్చిన పని ఇది: ఎ/సిచువాన్/2/87, ఎ/బీజింగ్/353/89 అనే రెండు హెచ్‌3ఎన్‌2 వైరస్‌ల పైపొర మీద ఉండే హీమాగ్లుటినిన్ ప్రోటీన్ క్రమాలను (ఒక్కో అమైనో ఆమ్లానికి ఒక్కో అక్షరం చొప్పున రాసిన వరసలను) దించుకుని, ఒకదాని కింద ఒకటి వరస కట్టించి, తేడా వచ్చిన నిలువు గడులకు రంగు వేయడం. వేసిన వాళ్లకు తెలిసే ఉంటుంది, రంగు పడిన గడులు కొన్నే. ఈ రోజు వాటిలో ఒక్కదాన్ని పట్టుకుని చివరిదాకా వెళ్తాం. అది 145వ స్థానం. సిచువాన్ వైరస్‌లో అక్కడ ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లం ఉంది, బీజింగ్ వైరస్‌లో లైసిన్ ఉంది. కంప్యూటర్, నెట్, రెండు సాయంత్రాలు ఉంటే చాలు. మొదటి సాయంత్రం మొత్తం లెక్కపెట్టడానికే పోతుంది, ముందే చెబుతున్నాను.

145వ అక్షరం చూపించమంటే ఎవరైనా ఏం చేస్తారు? క్రమం మొదట్లో ఉన్న మిథియోనిన్ మీద వేలు పెట్టి ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటూ పోతారు. నేనూ అదే చేశాను. విశాఖ ఎంవీపీ కాలనీలో అద్దెకుంటున్న రోజుల్లో, డాబా మీద సముద్రపు గాలికి ఎగిరిపోతున్న కాగితాలను చెప్పులతో అదిమిపెట్టి మరీ లెక్కపెట్టాను. గ్లైసిన్ వచ్చింది. రెండో వైరస్‌లోనూ గ్లైసినే. తేడాయే లేని చోట తేడా ఉందని పేరున్న శాస్త్రవేత్తలు ఎలా రాశారా అని రెండు రోజులు వాళ్లనే అనుమానించాను. తప్పు నాది.

కణం హీమాగ్లుటినిన్‌ను తయారు చేసేటప్పుడు ముందు ఒక చిన్న తోక చేరుస్తుంది. ఈ ప్రోటీన్‌ను ఏ దారిన పంపాలో చెప్పే చీటీ లాంటిది అది. పని అయ్యాక కణమే దాన్ని కత్తిరించి పారేస్తుంది. హెచ్‌3 రకంలో ఆ చీటీ పొడవు 16 అమైనో ఆమ్లాలు. పరిశోధకులు వాడే హెచ్‌3 లెక్క ఆ 16 పోయాక మొదలవుతుంది. డేటాబేస్ నుంచి మనం దించుకున్న 566 అక్షరాల క్రమంలో మాత్రం చీటీ అలాగే ఉంటుంది. కాబట్టి పుస్తకంలో 145 అని ఉంటే మన కాగితం మీద అది 161. నేను వేలు పెట్టినది అసలు లెక్కలో 129వ స్థానం మీద.

మన ఊళ్లో పాత డోర్ నంబరు, కొత్త డోర్ నంబరు అని రెండూ గోడ మీద రాసుకున్న ఇళ్లు ఎన్ని లేవు? పోస్ట్‌మ్యాన్ తికమకపడకుండా పక్కన ఏదో ఒక గుర్తు చెబుతాం, ఫలానా గుడి ఎదురుగా అని. ప్రోటీన్‌లోనూ అలాంటి గుర్తులు పెట్టుకోవాలి. ఎందుకంటే డేటాబేస్‌లో కొన్ని క్రమాలు చీటీ లేకుండానే ఉంటాయి, కొన్ని మధ్యలోంచి మొదలవుతాయి. కళ్లు మూసుకుని 16 కలిపితే అక్కడ మళ్లీ తప్పు పడుతుంది.

హెచ్‌3కి నేను వాడే గుర్తులు రెండు. మొదటిది వై-పి-వై-డి-వి-పి-డి-వై-ఎ అనే తొమ్మిది అక్షరాల వరస. అందులో మొదటి వై 98వ స్థానం. జీవశాస్త్ర ప్రయోగశాలల్లో పనిచేసిన వాళ్లు ఈ వరసను చూడగానే గుర్తుపడతారు. ఫ్లూతో ఏ సంబంధమూ లేని ప్రోటీన్లకు కూడా గుర్తింపు బిళ్లలా తగిలించే హెచ్‌ఎ ట్యాగ్ ఇదే. అది మన వైరస్ దగ్గర అరువు తెచ్చుకున్నదని చాలామందికి తెలియదు. రెండో గుర్తు ఆర్-ఎల్-ఎన్-డబ్ల్యూ. అందులోని డబ్ల్యూ, అంటే ట్రిప్టోఫాన్, 153వ స్థానం. అక్కడి నుంచి ఎనిమిది అడుగులు వెనక్కి వేస్తే 145. మొదటి గుర్తు నుంచి 47 ముందుకు వచ్చినా అక్కడికే చేరాలి. రెండు దారులూ ఒకే గడపకు చేరితేనే లెక్క సరి. వరస కట్టేటప్పుడు ప్రోగ్రాం పెట్టిన అడ్డగీతలను లెక్కలో వేసుకోకండి. ఇంకో హెచ్చరిక: ఈ గుర్తులూ ఈ 16 లెక్కా హెచ్‌3కే. హెచ్‌1 వైరస్‌లో చీటీ పొడవు 17, ఆపైన అక్కడక్కడా అక్షరాలు ఎక్కువ తక్కువలు.

ఇల్లు దొరికింది. అద్దెదారు ఎలా మారాడో ఒక్క నిమిషం చూసి వెళ్దాం. ఆస్పరజిన్‌కు ఆర్‌ఎన్‌ఏ భాషలో ఎఎయు, ఎఎసి అనే రెండు మాటలున్నాయి. లైసిన్‌కు ఎఎఎ, ఎఎజి. చివరి అక్షరం ఒక్కటి మారితే చాలు. మూడో అక్షరం మారితే సాధారణంగా ఏమీ కాదని ఇంటర్‌లో చదువుకున్నాం. ఇక్కడ ఆ సాధారణం పనిచేయలేదు. వైరస్ ఆర్‌ఎన్‌ఏను నకలు తీసే ఎంజైము రాసింది మళ్లీ సరిచూసుకోదు కాబట్టి ఇలాంటి అక్షర దోషాలు నిత్యం పడుతూనే ఉంటాయి. ఆస్పరజిన్‌కు విద్యుదావేశం లేదు, లైసిన్‌కు ధనావేశం ఉంది. ఆ చోట పట్టు దొరికించుకున్న యాంటీబాడీకి, అంటే వైరస్‌ను అడ్డుకునే మన ఒంటి ప్రోటీన్‌కు, ఇది చిన్న సంగతి కాదు.

రెండో సాయంత్రం పని బొమ్మతో. ప్రోటీన్ నిర్మాణాలన్నీ భద్రపరిచే ప్రోటీన్ డేటా బ్యాంక్ 1971 నుంచి నడుస్తోంది, ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. ప్రోటీన్ బొమ్మలు చూపే కైమెరాఎక్స్ ప్రోగ్రాం తెరిచి, కమాండ్ గడిలో ఓపెన్ అని కొట్టి, ఖాళీ వదిలి, 4హెచ్‌ఎంజి అనే సంకేతం ఇవ్వండి. ఇది 1968 నాటి హెచ్‌3 వంశపు హీమాగ్లుటినిన్. ఈ ప్రోటీన్ ఆకారాన్ని మొదట బయటపెట్టింది ఇయాన్ విల్సన్, జాన్ స్కెహెల్, డాన్ వైలీ, 1981లో. స్ఫటికం చేయడానికి వైరస్ పొర మీది నుంచి ప్రోటీన్‌ను కోయడానికి వాడిన కత్తి బ్రోమెలైన్, అనాసకాయ నుంచి తీసే ఎంజైము. అనాస తింటే నాలుక చురచురమనడంలో దాని చెయ్యి కూడా ఉంది. ఆ కోత వల్లనే పొరలో పాతుకుని ఉండే మొదలు ఈ బొమ్మలో కనిపించదు. పోయిందని కంగారు పడకండి.

తెర మీద కనిపించేది మూడు పాయల జడ. కింద మూడు పాయలూ పేనుకుని కాండంలా నిలబడతాయి, పైన మూడు తలలు గుత్తిగా విచ్చుకుంటాయి. ఎత్తు దాదాపు 13.5 నానోమీటర్లు. ప్రతి పాయలోనూ రెండు గొలుసులు. ఎ, సి, ఇ అనే గొలుసులు తల భాగం, బి, డి, ఎఫ్ కాండం భాగం. ఇక్కడే రెండో గుంట ఉంది. బి గొలుసులో అంకెలు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి, అందులోనూ ఒక 145 ఉంది. ఎంవీపీ కాలనీలో సెక్టారు చెప్పకుండా ప్లాటు నంబరు మాత్రం చెబితే ఆటో ఎక్కడికి పోతుందో మీకు తెలుసు. కాబట్టి రంగు వేసేటప్పుడు గొలుసు పేరు తప్పనిసరి: కలర్ అన్న మాట, ఖాళీ, ఏటవాలు గీత, ఎ, సి, ఇ అక్షరాలు మధ్యలో కామాలతో, తర్వాత కోలన్, 145, మళ్లీ ఖాళీ, రెడ్. దానికి ముందు సర్ఫేస్ అనే కమాండ్ ఇచ్చి ప్రోటీన్‌కు చర్మం తొడిగితే మచ్చ స్పష్టంగా కనిపిస్తుంది. ఆ మచ్చ మీద నొక్కి చూస్తే సెరిన్ అని వస్తుంది, ఆస్పరజిన్ కాదు, లైసిన్ కాదు. ఇది 1968 వంశం కదా. మనకు కావలసింది ఇంటి చోటు, అద్దెకున్న వాళ్లు మారుతూ ఉంటారు.

ఇప్పుడు బొమ్మను తిప్పి తలను దగ్గరగా చూడండి. పైభాగంలో ఒక పల్లం, అందులో కడ్డీల్లా కనిపించే చిన్న అణువు. అది సియాలిక్ ఆమ్లం, మన గొంతు కణాల మీద ఉండే చక్కెర. వైరస్ కణాన్ని పట్టుకునేది ఆ పల్లంతోనే. మన రెండు గుర్తులు 98, 153 స్థానాలకు నీలం రంగు వేయండి. అవి ఎక్కడున్నాయో చూశారా? పల్లం అడుగున. నేను వాటిని గుర్తులుగా పెట్టుకున్నది అవి ఏళ్ల తరబడి మారలేదని. ఎందుకు మారలేదో బొమ్మ చెబుతోంది: అక్కడ మారితే పట్టు పోతుంది.

ఎరుపు మచ్చ పల్లం గట్టు మీద ఉంది. దాని పక్కనే 155, 156, 158, 159, 189, 193 స్థానాలకు పసుపు వేయండి. బావి చుట్టూ గట్టు కట్టినట్టు కనిపిస్తుంది. యాంటీబాడీలు పట్టుకునే స్థానాలుగా అంతకుముందు వందకు పైగా లెక్కగట్టారు. 1968 నుంచి 2003 వరకు హెచ్‌3ఎన్‌2 వైరస్ మన రోగనిరోధక శక్తిని ఏమార్చిన పెద్ద మలుపులన్నిటికీ ప్రధాన కారణం ఈ ఏడు స్థానాలేనని 2013లో బ్యోర్న్ కూల్ బృందం చూపించింది. ఆ 35 ఏళ్ల వైరస్‌లను 2004లో డెరెక్ స్మిత్ బృందం, యాంటీబాడీలు వాటిని గుర్తుపట్టే తీరును బట్టి పటం గీస్తే 11 గుంపులుగా విడిపోయాయి. అందులో సిచువాన్ గుంపు నుంచి బీజింగ్ 89 గుంపుకు దూకిన దూకు మన ఆస్పరజిన్–లైసిన్ మార్పు ఒక్కదానిదే. మరి 1992 నాటి బీజింగ్ గుంపులో అక్కడ మళ్లీ ఆస్పరజిన్ ఉంది. 1995 నాటి వుహాన్ గుంపులో మళ్లీ లైసిన్. అదే ఇల్లు, అదే అద్దెదారు, రెండోసారి. వైరస్‌కు దారులు అపారం అనుకునే వాళ్లకు నేను మొదట చూపించేది ఈ గడినే.

యాంటీబాడీని తప్పించుకోవడానికి ఇంకో ఉపాయం ఉంది, పూత. ఆస్పరజిన్, ఆ తర్వాత ప్రోలిన్ తప్ప ఏదైనా ఒకటి, ఆ తర్వాత సెరిన్ లేదా థ్రియోనిన్: ఈ మూడక్షరాల వరస కనిపిస్తే కణం ఆ ఆస్పరజిన్‌కు చక్కెరల గుత్తి తగిలించే వీలుంది. సింహాచలం అప్పన్న ఏడాది పొడుగునా చందనం మాటునే ఉంటాడు, అక్షయ తృతీయ ఒక్కరోజే నిజరూప దర్శనం. స్వామిని వైరస్‌తో పోల్చానని కోపగించుకోకండి, పూతను పూతతో పోల్చానంతే. ఆ చక్కెరలు వైరస్ తెచ్చుకున్నవి కావు, మన కణం పూసినవే. అందుకే మన యాంటీబాడీలకు అవి పరాయివిగా తోచవు. 1968 నుంచి హెచ్‌3 తల మీద ఈ పూతలు పెరుగుతూ వచ్చాయి.

ఇంటి పని. ఎ/హాంకాంగ్/1/68, ఎ/హాంకాంగ్/4801/2014 క్రమాలు దించుకుని, గుర్తులతో లెక్క సరిచూసుకుని, ఈ మూడక్షరాల వరసలన్నీ రెండింటిలోనూ గుర్తించండి. ముఖ్యంగా 158 నుంచి 160 వరకు చూడండి. 2014 వైరస్‌లో 160వ స్థానంలో లైసిన్ పోయి థ్రియోనిన్ రావడంతో 158 మీద కొత్త పూతకు చోటు దొరికింది. అయితే ఒకే వైరస్ పేరుతో డేటాబేస్‌లో ఒకటికి మించి క్రమాలు ఉండవచ్చు. కొన్నిటిలో 160 దగ్గర మళ్లీ లైసిన్ కనిపిస్తే మీ లెక్క తప్పలేదు. కోడిగుడ్డులో పెంచినప్పుడు వైరస్ ఆ పూతను వదులుకుంటుంది. టీకాల్లో చాలావరకు గుడ్లలో పెంచినవే కనుక ఈ తేడా చిన్నది కాదు. అందుకని ప్రతి క్రమం పక్కనా, దాన్ని గుడ్డులో పెంచారా, కణాల్లో పెంచారా అనే వివరం రాసిపెట్టుకోండి.

వచ్చే పాఠం ఇదే వైరస్ మీది ఇంకో ప్రోటీన్ న్యూరామినిడేజ్ గురించి. ఒసెల్టామివిర్ అనే ఫ్లూ మందును తట్టుకునే ఒకే మార్పును కొందరు 274 అని, కొందరు 275 అని రాస్తారు. ఎందుకో ఈలోపు మీరే కనిపెట్టగలరు.